జనవరి మూడో ఆదివారం

ఆదివారంనాడు బొంబాయి ఆలస్యంగా లేస్తుంది. 1995లో యీ ఊరి పేరు ముంబయి అయినా, మన యిళ్ళల్లో పెద్దల నోట యింకా బొంబాయే గనుక మేమూ ఆ పేరే వాడుకొంటాము. వారంలో ఆరు రోజులు లోకల్ బండిలో వేలాడుతూ ఆఫీసుకు పోయి వచ్చేవాడికి ఆదివారం పొద్దు ఒక్కటే తనది. కాని జనవరి నెల మూడో ఆదివారంనాడు మాత్రం యీ ఊరు చీకటితోనే లేచి, బూట్లు బిగించి, పరుగెత్తుతుంది.

ఆ పరుగు పేరు మారథాన్. మొదటిసారి 2004 ఫిబ్రవరిలో జరిగింది. మరుసటి ఏటినుంచి జనవరికి మారింది. కరోనా మూలంగా 2021లోను, 2022లోను జరగలేదు. 2023లో మళ్ళీ మొదలైంది. అసలు పరుగు 42 కిలోమీటర్ల 195 మీటర్లు. అందులో సగం దూరానిది ఒకటి, పది కిలోమీటర్లది ఒకటి, వయసుమళ్ళిన వారికి ఒకటి, వికలాంగులకు ఒకటి వున్నాయి. యివి గాక మావంటివాళ్ళకోసం 'డ్రీమ్ రన్' అని సుమారు ఆరు కిలోమీటర్లది ఒకటి వున్నది. దానిలో గెలుపూ లేదు, ఓటమీ లేదు. ఓపిక వున్నవాడు పరుగెత్తుతాడు, లేనివాడు నడుస్తాడు, మధ్యరకంవాడు ఫొటోలు తీసుకొంటాడు.

షోలాపూరులోను, భివండీలోను వున్న మన పాఠకులు యీ పరుగును టీవీలో చూసే వుంటారు. టీవీలో కనబడేది ముందు పరుగెత్తే ఆఫ్రికా దేశాల వీరులు, గట్టున నిలబడి చెయ్యి వూపే సినిమా తారలు. వెనక ఎక్కడో వచ్చే గుమాస్తాల సంగతి చెప్పడానికే యీ నాలుగు మాటలు.

పోయిన దీపావళినాడు మేము పేర్లు నమోదు చేసుకొన్నామని విని మా అమ్మ ఒక ప్రశ్న వేసింది. "దానం చెయ్యదలిస్తే యింట్లో కూర్చుని చెయ్యరాదా? మీరు కాళ్ళు నొప్పి చేసుకొంటే రోగులకు నొప్పి తగ్గుతుందా?" అన్నది. అడగవలసిన ప్రశ్నే. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము.

దానంకోసం పరుగెత్తడమనే మాట వచ్చినప్పుడు లోకమంతా తలచుకొనే పేరు టెర్రీ ఫాక్స్. ఆయన కెనడా దేశస్థుడు. 1977లో, పద్దెనిమిదో ఏట, ఎముక క్యాన్సర్ వల్ల కుడికాలు మోకాటి పైకి తీసివేశారు. 1980 ఏప్రిల్ 12న కృత్రిమమైన కాలితో ఆ దేశపు తూర్పు తీరంనుంచి పడమటికి పరుగు మొదలుపెట్టాడు. దేశంలో మనిషికి ఒక డాలరు చొప్పున క్యాన్సర్ పరిశోధనకు యిమ్మని ఆయన అడిగాడు. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాక, క్యాన్సర్ వూపిరితిత్తులకు పాకడంతో సెప్టెంబరు 1న ఆగిపోవలసి వచ్చింది. 1981 జూన్‌లో చనిపోయాడు. అయితే ఆ ఏడు ఫిబ్రవరికే, ఆయన కళ్ళ ముందే, దేశ జనాభా ఎంతో అన్ని డాలర్లు పోగయ్యాయి. రెండు కోట్ల నలభై లక్షలు దాటాయి.

యీ కథ చెబితే మా అమ్మ కాసేపు మాట్లాడలేదు. "అయితే అది మొక్కువంటిది," అన్నది. తిరుపతి కొండ మెట్లెక్కి పోయేవాడిని బస్సులో పోరాదా అని ఎవరూ అడగరు గదా. మా చిన్న బుద్ధికి తోచిన యింకొక మాట: పరుగు అనేది అడగడానికి ఒక మర్యాదైన సాకు. ఊరికే పోయి డబ్బు యిమ్మంటే యిచ్చేవాడికీ మొహమాటమే, అడిగేవాడికీ మొహమాటమే. "నేను పరుగెత్తుతున్నాను, నీ వంతు నీవు యివ్వు" అంటే యిద్దరూ ఒక పనిలో పాలివాళ్ళవుతారు. ఏ సంస్థకోసమో ముందే చెబుతాము. డబ్బు మా చేతికి రాదు. నేరుగా అక్కడికే పోతుంది, రసీదు యిచ్చినవాడి పేరనే వస్తుంది. గుమాస్తా బుద్ధికి యీ పద్ధతి నచ్చింది.

మేమంటే ముగ్గురం: మేమూ, మా ఆవిడా, కాలేజీలో చదివే మా అమ్మాయీ. నవంబరునుంచి తెల్లవారుజామున వర్లీ సముద్రపు గట్టున సాధన చేశాము. మొదటి వారం దీపస్తంభంనుంచి దీపస్తంభందాకా పరుగు, మరుసటి స్తంభందాకా నడక. మా ఆవిడ చీర కొంగు బిగించి మొదలుపెట్టి, మూడో రోజుకు పంజాబీ దుస్తులకు మారింది. నెలన్నర తిరిగేసరికి ముగ్గురమూ ఆగకుండా మూడు కిలోమీటర్లు పోగలిగాము. దీనికి ఖర్చు మూడు జతల బూట్లు, ఒక సీసా నొప్పుల తైలం.

ఆ గట్టుకు పోయే దారిలోనే బి.డి.డి. చాళ్ళు వున్నాయి. 1920లలో కట్టినవి, కుటుంబానికి 160 చదరపు అడుగుల గది ఒక్కటి. యిప్పుడు వాటిని వరుసగా పడగొట్టి మేడలు లేపుతున్నారు. కొత్త యిళ్ళు మొదటి విడత 2025 ఆగస్టులో అప్పగించారు. మా నాన్నగారు నల్లగొండ జిల్లానుంచి వచ్చి, అటువంటి గదిలో వుండి, మిల్లులో సాంచాల ఖాతాలో పని చేశారు. మిల్లు భోంగా కూసేలోగా గేటు దాటాలి. దాటకపోతే ఆ పూట కూలి పోయినట్టే. కనుక ఆయన రోజూ పరుగెత్తేవారు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన సుమారు రెండున్నర లక్షలమంది కార్మికులు సమ్మెకు దిగారు. ఆ తరువాత చాలా మిల్లులు మళ్ళీ కోలుకోలేదు. భోంగాలు ఆగిపోయాయి. ఆ స్థలాల్లో యీనాడు అద్దాల మేడలు, అంగళ్ళు వెలిశాయి. 2026లో పరుగు సరిగ్గా జనవరి 18వ తేదీనే పడింది. నలభై నాలుగేళ్ళు. ఆ తేదీ విని మా అమ్మ గోడ మీది క్యాలెండరు వైపు చూసి, "మీ నాయన పరుగుకు ఎవరూ డబ్బులివ్వలేదు," అని మాత్రం అన్నది.

ఆ పరుగుకు ఎవరూ ఫొటో తీయలేదు కూడా. మా నాన్నగారివి యింట్లో వున్న ఫొటోలు రెండు. ఒకటి పెళ్ళి నాటిది, రెండోది మిల్లు పాసుకోసం స్టూడియోలో తీయించుకొన్నది. మా అమ్మాయి ఫోనులో నాలుగు వేల ఫొటోలున్నాయి. జేబులో పట్టే టెలిఫోనులో కెమెరా అనేది 2000 ప్రాంతంలో జపానులో అమ్మకానికి వచ్చింది. యిప్పుడు కూరగాయల బండివాడి చేతిలో కూడా వున్నది. స్టూడియోలో డబ్బిచ్చి ఒక్క ఫొటో తీయించుకొన్ననాడు, ఏది తీయించుకోవాలో ముందే ఆలోచించుకొనేవాళ్ళము. యిప్పుడు ఆలోచన తీసిన తరువాత వస్తున్నది. చాలాసార్లు అప్పుడూ రావడం లేదు.

మాకు యీ ఆలోచన యిలా ఎదురైంది. పరేల్‌లో 1941లో ప్రారంభమైన టాటా మెమోరియల్ ఆసుపత్రికి దేశం నలుమూలలనుంచీ క్యాన్సర్ రోగులు వస్తారు. అందులో మన తెలుగువారు కూడా వుంటారు. వైద్యం నెలల తరబడి సాగుతుంది. అన్నాళ్ళు యీ ఊళ్ళో బస చేయడం సామాన్యుడివల్ల అయ్యే పని కాదు. అటువంటివారికి బస, భోజనం యిచ్చే ధర్మశాల ఒకదానికి మేము కొన్నాళ్ళుగా ఆదివారాలు పోతున్నాము. పెద్ద సేవ ఏమీ కాదు. ఫారాలు నింపడం, మరాఠీలోనో హిందీలోనో చెప్పినది తెలుగులో చెప్పడం, తెలుగులో చెప్పినది వాళ్ళకు చెప్పడం. రెండు భాషల మధ్య పుట్టి పెరిగినందుకు యీ మాత్రమైనా పనికివస్తున్నాము. మా పరుగు కూడా ఆ ధర్మశాలకోసమే. నలభై వేల రూపాయలు పోగు చేయాలని అనుకొన్నాము.

స్నేహితులకు పంపే విన్నపం పైన ఒక ఫొటో వుండాలి. ఆఫీసులో మా మిత్రుడొకరు, మంచివాడే, తానే వెయ్యి రూపాయలిచ్చినవాడు, యిలా సలహా చెప్పాడు: "అక్కడి పిల్లవాడెవరిదైనా ఒక ఫొటో పెట్టండి. జుట్టు వూడిన తల కనబడితే రాని డబ్బు వస్తుంది." ఆ మాట యింట్లో చెబితే మా ఆవిడ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. "మన పిల్లకు జ్వరం వస్తే ఫొటో తీసి వీధి గోడకు అంటిస్తామా?" అన్నది. "ఆ డబ్బుతో యింకొకడికి అన్నం దొరుకుతుంది గదమ్మా," అన్నది మా అమ్మాయి. యిద్దరిదీ న్యాయమే. రాత్రి చాలాసేపు వాదించుకొన్నాము. చివరకు ధర్మశాల వంటయింట్లో కడిగి బోర్లించిన స్టీలు పళ్ళేల వరుస ఒకటి ఫొటో తీసి పెట్టాము. ఎండ పడి మెరుస్తున్న పళ్ళేలు, ఒక మూల గరిటె. పరుగు నాటికి 58 మంది యిచ్చినది 31,650 రూపాయలు. అనుకొన్నదానికి ఎనిమిది వేల మూడు వందల యాభై తక్కువ. "చెప్పానా లేదా?" అన్నాడు మిత్రుడు. ఆయన చెప్పినట్టు చేస్తే నలభై వేలు నిండేవేమో. నిండేవని ఒప్పుకొంటూనే, ఆ పళ్ళేల ఫొటోనే మళ్ళీ పెడతామని ఆయనకు చెప్పాము.

పరుగుకు ముందటి ఆదివారం ధర్మశాలలో ఒక అవ్వ మమ్ములను పిలిచింది. కామారెడ్డి వైపు పల్లెటూరు. తొమ్మిదేళ్ళ మనుమడికి వైద్యం జరుగుతున్నది.

"సారూ, మీరు దర్యా పొంటి ఉరుకుతరంట గదా?"

"అవునవ్వా, వచ్చే ఆదివారం."

"నాలుగు నెలలాయె మేమొచ్చి. పోరడు సముద్రం సముద్రం అంటడు. డాక్టరేమో మందిల తిప్పద్దన్నడు. మీ ఫోన్ల జర పట్టుకరా బిడ్డా."

పట్టుకొస్తామని చెప్పాము. సముద్రం ఆ ధర్మశాలకు నాలుగైదు కిలోమీటర్లు కూడా వుండదు.

ఆ ఆదివారం పొద్దున్నే ప్రభాదేవి స్టేషనులో లోకల్ ఎక్కి చర్చిగేటులో దిగాము. బండి నిండా చొక్కాకు నంబరు కాగితం పిన్నులతో గుచ్చుకొన్నవాళ్ళే. చర్చిగేటునుంచి నడుచుకొంటూ హుతాత్మా చౌక్ దాటాము. సంయుక్త మహారాష్ట్రకోసం ప్రాణాలిచ్చిన వారి స్మారకం అక్కడ వున్నది. భాషకొక రాష్ట్రమని 1953లో ఆంధ్ర ఏర్పడ్డాక, 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడింది. ఆ రెండు కథల మధ్య, రెండు భాషల మధ్య బతికే మావంటివాళ్ళం అక్కడ ఒక నిమిషం ఆగడం న్యాయమే అనిపిస్తుంది.

అక్కడినుంచి కొంచెం దూరంలోనే పెద్ద స్టేషను. విక్టోరియా టెర్మినస్ అని 1887లో తెరిచారు, ఎఫ్. డబ్ల్యూ. స్టీవెన్స్ అనే ఆయన నమూనా గీశాడు. 1996లో ఛత్రపతి శివాజీ పేరు పెట్టారు. 2017లో 'మహారాజ్' చేర్చారు. యునెస్కోవారు దీనిని ప్రపంచ వారసత్వ కట్టడంగా 2004లో గుర్తించారు. మారథాన్ మొదలైనదీ ఆ ఏడే. రోజూ యిక్కడ దిగి ఆఫీసుకు పరుగెత్తేవాళ్ళం తల పైకెత్తి చూడము. ఆనాడు మాత్రం రోడ్డు మీద వాహనాలు లేవు. నిలబడి చూశాము. రాతిలో చెక్కిన నెమళ్ళు, జంతువులు, ఆకులు, గోపురం. మా అమ్మాయి ఫోను పైకెత్తింది.

ఎనిమిది గంటలు దాటాక మా గుంపు కదిలింది. కదిలింది అంటే, ముందు పావుగంట జాతరలో దేవుడి రథం వెనక నడిచినట్టే నడక. ఒకడు హనుమంతుడి వేషం, ఒకడు ఒంటికి చెట్టు కొమ్మలు కట్టుకొన్నాడు. గుడ్డివారి బడికోసం, ఆడపిల్లల చదువుకోసం, వీధికుక్కలకోసం తలా ఒక అట్ట పట్టుకొన్నారు. గట్టున డోలు మోగుతున్నది. "చలా, చలా! పళా, పళా!" అని పిల్లలు అరుస్తున్నారు. సంక్రాంతి వెళ్ళి నాలుగు రోజులే అయింది గనుక ఒక మరాఠీ ముసలామె డబ్బాలోనుంచి తిళ్‌గూళ్ తీసి అందరి చేతుల్లో పెడుతున్నది. మన నువ్వులుండే అది. మా ఆవిడ ఒకటి నోట్లో వేసుకొని, ఒకటి కొంగున లేదు గనుక జేబులో వేసుకొన్నది.

అందరి చేతుల్లోను ఫోనే. పరుగెత్తుతూ తమను తాము తీసుకొనేవాళ్ళు, ఆగి తీసుకొనేవాళ్ళు, వెనకవాళ్ళు వచ్చి గుద్దుకొంటే నవ్వేవాళ్ళు. దీనిని తప్పు పట్టము. రోజంతా యితరుల కాగితాల మీద సంతకాలు తీసుకొనేవాడికి, తన ముఖం ఒక పండుగలో వున్నదని చూసుకోవాలని వుండదా? మేమూ ముగ్గురం కలిసి ఒకటి తీసుకొన్నాము. అయితే ఆ తరువాత మా పని వేరు. తొమ్మిదేళ్ళ పిల్లవాడికోసం సముద్రాన్ని తేవాలి.

మెరీన్ డ్రైవ్ రోడ్డు వంపు తిరిగి సుమారు మూడున్నర కిలోమీటర్లు సముద్రం పక్కనే పోతుంది. రాత్రి దీపాలు వెలిగితే దూరంనుంచి ముత్యాల హారంలా వుంటుందని దీనికి 'రాణీగారి హారం' అని పేరు. ఒకవైపు గుండ్రని మూలలతో కట్టిన పాత మేడలు. వీటిని కూడా యునెస్కోవారు 2018లో వారసత్వ కట్టడాల్లో చేర్చారు. రెండోవైపు గట్టు, గట్టు కింద అలల దెబ్బ కాచుకొనే నాలుగు కాళ్ళ సిమెంటు దిమ్మెలు, ఆ పైన అరేబియా సముద్రం. యీ సముద్రం పడమట వున్నది గనుక పొద్దున సూర్యుడు మేడల వెనక వుంటాడు. రోడ్డు మీద, గట్టు మీద నీడ. దూరాన నీటి మీద ఎండ. ఫోనును అలాగే ఎత్తితే గట్టయినా నల్లబడుతుంది, లేదా నీరైనా తెల్లగా వెలిసిపోతుంది. మా అమ్మాయి నేర్పిన పద్ధతి యిది: ముందు అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడవాలి, చెమట చేతి జిడ్డు వుంటే అంతా పొగమంచే. తెరమీద నీరు కనబడే చోట వేలు ఆనించి, వెలుగు కొంచెం తగ్గించాలి. దూరపుది దగ్గరకు లాగకూడదు, బొమ్మ చెదురుతుంది. మనమే దగ్గరకు నడవాలి. పరుగు దారిలో నిలబడకూడదు, గట్టుకు జరగాలి.

గట్టుకు జరిగాము. వేలమంది ముఖాలు ఒకవైపు పోతుంటే మేము ముగ్గురం రెండోవైపు తిరిగి నిలబడ్డాము. ఏడు ఫొటోలు, ఒక నిమిషం కదిలే బొమ్మ. మా అమ్మాయి దిమ్మెల వైపు చెయ్యి చాచి, నీటి చప్పుడు పట్టడానికి వూపిరి బిగపట్టింది. తరువాత మిగిలిన దూరం పరుగెత్తి, ఆజాద్ మైదానం చేరేసరికి గంటా యిరవై నిమిషాలయింది.

సాయంకాలం ధర్మశాలకు పోయాము. పిల్లవాడు ముక్కుకు గుడ్డ కట్టుకొని మంచం మీద కూర్చున్నాడు. ఫోను వాడి చేతికి యిచ్చాము. మొదటి ఫొటో చూశాడు, రెండోది చూశాడు, మూడోది చూశాడు.

"సముద్రమంటె గింతేనా? మా చెరువు గూడ గిట్లనే వుంటది," అన్నాడు.

జనవరిలో యిక్కడి సముద్రం శాంతంగా వుంటుంది. వానకాలంలో గట్టు దాటి రోడ్డుమీద పడే అలలు యిప్పుడుండవు. ఆ సంగతి చెప్పాము. వాడు ఫొటోను రెండు వేళ్ళతో పెద్దది చేసి ఒక మూలనుంచి యింకొక మూలకు వెతికాడు.

"అవుతలి గడ్డ ఏది?"

"లేదు."

"మొత్తానికే లేదా?"

"అరబ్బుదేశాల దాకా లేదు."

"గట్లయితే పెద్దదే," అని ఒప్పుకొన్నాడు. తరువాత కదిలే బొమ్మ పెట్టి ఫోను చెవికి ఆనించుకొన్నాడు. మూడుసార్లు విన్నాడు.

అవ్వ పరుగు ఫొటోలు చూసింది. "గింతమంది ఎందుకు ఉరుకుతున్నరు బిడ్డా?"

"యిటువంటి చోట్లకు పైసలు కూడబెట్టనీకి, అవ్వా."

"ఉరికితె పైసలొస్తయా?" అని ఆమె పెద్దగా నవ్వింది. "మా ముసలాయన జన్మంత ఉరికిండు." మా ఆవిడ జేబులోని తిళ్‌గూళ్ తీసి ఆమె చేతిలో పెట్టింది.

యిది చదివే మన కుటుంబాలవారికి ఒకటి రెండు సంగతులు విన్నవించుకొంటాము. బెంగళూరులో 2008నుంచి పది కిలోమీటర్ల పరుగు జరుగుతున్నది. యింకా పెద్ద ఊళ్ళు చాలావాటిలో యిటువంటివి వున్నాయి. ముప్పై దాటినవాళ్ళు ముందుగా డాక్టరుకు చూపించుకొని, రెండు నెలల ముందునుంచి మెల్లగా మొదలుపెట్టవచ్చు. ఎవరికోసం అడుగుతున్నామో ఆ చోటుకు ఒకసారి కాలితో నడిచిపోయి చూసి, తరువాత అడగండి. విరాళంపై ఆదాయపు పన్ను మినహాయింపు పాత పద్ధతిలో పన్ను కట్టేవారికే వస్తుంది. యిచ్చేవారికి యీ సంగతి ముందే చెబితే తరువాత మాట రాదు. ఫొటో తీసేముందు ఎదుటివారిని అడగండి. అడగలేని స్థితిలో వున్నవారిని తీయకండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే బొమ్మ పలచబడుతుంది, డాక్యుమెంటుగా పంపితే చెడదు. వూళ్ళో మంచం పట్టిన మీ మేనత్తకో, కాలు కదపలేని మీ తాతగారికో ఏమి చూడాలని వున్నదో కూడా ఒకసారి అడిగి చూడండి. వాళ్ళు అడిగేది మనం పంపేది కాకపోవచ్చు.

తక్కువైన ఎనిమిది వేల మూడు వందల యాభైలో మూడు వేలు ఫిబ్రవరిలో వచ్చాయి. మిగతాదానికి వచ్చే జనవరికి మళ్ళీ పేర్లు యిస్తున్నాము. మా అమ్మ యీసారి వయసుమళ్ళిన వారి పరుగు ఎన్ని కిలోమీటర్లని అడుగుతున్నది. పిల్లవాడు మాకు యింకొక పని అప్పగించాడు: గట్టు దాటి రోడ్డుమీద పడే అల ఒకటి కావాలట. అది జూన్, జూలై నెలల్లోగాని దొరకదు. అప్పటికి వాడు యీ ఊళ్ళో వుండకూడదనే మా అందరి కోరిక. కామారెడ్డి ఫోను నంబరు రాసి పెట్టుకొన్నాము.